సింగపూర్ పాయింట్లు, కాశీ టికెట్లు

ప్రశ్న: మాది విశాఖలో ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దగ్గర అద్దె ఇల్లు. మావారిది పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, అత్తగారు. నెలకి ఇంటి ఖర్చు 52 వేలు, అందులో అద్దె 14 వేలు, పెట్రోలు 4 వేలు. పిల్లల స్కూలు ఫీజు ఏడాదికి 1,10,000 విడిగా కడతాం. నాలుగేళ్ల నుంచి ఒక క్రెడిట్ కార్డు ఉంది. 150 రూపాయలకి 4 పాయింట్లు వస్తాయట. వార్షిక రుసుము 2,500, ఏడాదిలో 3 లక్షలు దాటితే మాఫీ. మొన్న యాప్ తెరిచి చూస్తే 18,400 పాయింట్లు పోగై ఉన్నాయి. కుక్కరో, క్యాషో తీసుకుంటే పాయింటుకి 20 పైసలు, విమాన టికెట్లకి వాడితే 50 పైసలు అని ఉంది. మావారి సహోద్యోగి పాయింట్లతోనే ఇంటిల్లిపాదీ సింగపూర్ వెళ్లొచ్చామని, మమ్మల్ని ఇంకో మూడు కార్డులు తీసుకోమని చెబుతున్నారు. మా తోటికోడలు తన బంగారం నా కార్డు మీద గీకితే డబ్బు చేతికిస్తానని, పాయింట్లు నావేనని అంటోంది. పిల్లలకి దసరా సెలవుల్లో విమానం ఎక్కాలని. అత్తగారేమో "సింగపూరు నాకెందుకమ్మా, ఒక్కపాలి కాశీ సూపించండి, సాలు" అంటారు. ఇంతలో "మీ 9,850 రూపాయల పాయింట్లు ఈ రాత్రితో గడువు తీరిపోతాయి" అని లింకుతో ఒక మెసేజ్ వచ్చింది. నేనింకా నొక్కలేదు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ మెసేజ్ సంగతి. నొక్కకండి, తీసేయండి. మీరే రాశారు చూడండి, యాప్‌లో ఉన్నవి 18,400 పాయింట్లు. పాయింటుకి అర్ధ రూపాయి వేసినా 9,200 అవుతుంది, ఇరవై పైసలు వేస్తే 3,680. 9,850 ఏ లెక్కలోనూ రాదు. ఊరందరికీ ఒకే అంకెతో పంపుతారు, ఎవరో ఒకరు తగులుతారని. ఆ లింకు నొక్కితే బ్యాంకు పేజీలాంటిదే ఒకటి తెరుచుకుని కార్డు నంబరు, వెనక ఉండే మూడంకెలు, ఓటీపీ అడుగుతుంది. లేదంటే "రివార్డ్స్ యాప్" అని ఒక ఏపీకే ఫైలు (యాప్‌ని ఎక్కించే ఫైలు) ఫోన్‌లో దింపుతుంది. అది దిగిందంటే మీకొచ్చే మెసేజ్‌లన్నీ వాళ్లూ చదువుతారు. పాయింట్లు వాడుకోవడానికి ఏ బ్యాంకూ ఓటీపీ ఫోన్‌లో చెప్పమనదు. అత్తగారి ఫోన్‌కో, మీవారి ఫోన్‌కో ఇలాంటిదే వచ్చి వాళ్లెవరైనా నొక్కి ఉంటే వెంటనే కార్డు బ్లాక్ చేయించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ పాయింట్ల అసలు గడువు ఎప్పుడో బ్యాంకు యాప్‌లోనే, నెలవారీ స్టేట్‌మెంట్ చివర్లోనే ఉంటుంది. అక్కడే చూసుకోండి.

ఇక అసలు విషయం. పాయింటుకి సొంత విలువ లేదు. ఎక్కడ ఖర్చు పెడితే అక్కడి ధరే దాని విలువ. అవే 18,400 పాయింట్లు కుక్కరైతే 3,680 రూపాయలు, విమాన టికెట్టయితే 9,200. తేడా 5,520. పైగా క్యాష్‌గానో వస్తువుగానో తీసుకునేటప్పుడు చాలా బ్యాంకులు 99 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 117 దాకా పట్టుకుంటాయి. కుక్కర్ కావాలంటే డాబాగార్డెన్స్‌లో బేరమాడి కొనుక్కోండి, పాయింట్లు టికెట్లకే ఉంచండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కానీ ఏడాదికి నికరంగా మీకెంత వస్తుందో ముందు తేల్చుకుందాం, ఎందుకంటే సింగపూర్ కబుర్లన్నీ ఇక్కడే దారి తప్పుతాయి. 52 వేలలో అద్దె 14 వేలకి, పెట్రోలు 4 వేలకి మామూలు కార్డుల్లో పాయింట్లు రావు. రైతుబజారు కూరలు, చేపలు, పాలు, పనిమనిషి జీతం, ట్యూషన్లు కలిపి ఇంకో 14 వేలు నగదుగానో ఫోన్‌పేగానో పోతాయనుకుంటున్నాను. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు నిజమే, 2022 నుంచి ఆ వీలుంది, కానీ దుకాణదారుగా నమోదైన క్యూఆర్ మీదే పనిచేస్తుంది. చేపలమ్మ కొడుకు పేరు మీదున్న క్యూఆర్ మీద పనిచేయదు. మిగిలింది నెలకి 20 వేలు. 150కి 4 చొప్పున నెలకి 533 పాయింట్లు, ఏడాదికి 6,400. స్కూలు ఫీజు మొత్తం కార్డు మీద కడితే ఇంకో 2,900. వెరసి 9,300 పాయింట్లు. అర్ధ రూపాయి చొప్పున 4,650 రూపాయలు.

అంతే. నలుగురూ థర్డ్ ఏసీలో ఒకవైపు సికింద్రాబాద్ వెళ్లడానికి అటూఇటూగా సరిపోయే డబ్బు. చిన్నదని కొట్టిపారేయను, ఊరకే వచ్చేదే కదా. కానీ దాని సైజు తెలిసి ఉంటే మీ తోటికోడలికి, ఆ సహోద్యోగికి ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.

ఆ 4,650 ఎలా ఆవిరవుతుందో కూడా చూపిస్తాను. ఒక నెల బిల్లు 60 వేలు వచ్చింది, చేతిలో డబ్బు ఆడలేదు, మినిమమ్ డ్యూ అని 5 శాతం, అంటే 3 వేలు కట్టారనుకోండి. మిగిలిన 57 వేల మీద నెలకి 3.75 శాతం వడ్డీ 2,137 రూపాయలు, దాని మీద జీఎస్టీ 385. ఒక్క నెలకి 2,522. లెక్క సులువుగా ఉండాలని ఇలా చెప్పాను. బ్యాంకులు కొన్న రోజు నుంచే వడ్డీ వేస్తాయి కాబట్టి అసలు బిల్లులో ఇంకా ఎక్కువే ఉంటుంది. కొత్తగా కొన్నవాటికి 45, 50 రోజుల వడ్డీలేని గడువు కూడా పోతుంది. అలా రెండు నెలలు జరిగితే ఏడాది పాయింట్లు గోవిందా. కాబట్టి ఈరోజే యాప్‌లో ఆటో పే అన్న చోటికి వెళ్లండి. అక్కడ రెండు గుండ్రాలుంటాయి. ఒకటి టోటల్ అమౌంట్ డ్యూ, ఇంకోటి మినిమమ్ అమౌంట్ డ్యూ. చాలామందికి తెలియకుండానే రెండోదాంట్లో చుక్క పడి ఉంటుంది. మొదటిది నొక్కండి. జీతం పడే తేదీ తర్వాత గడువు వచ్చేలా బిల్లింగ్ తేదీ మార్చమని కూడా అడగొచ్చు.

స్కూలు ఫీజు విషయంలో ఒక మెలిక ఉంది. కార్డు గీకితే ఒకటి, ఒకటిన్నర శాతం అదనంగా వసూలు చేసే స్కూళ్లున్నాయి. కౌంటర్‌లో ముందే అడగండి. ఒకటిన్నర శాతమంటే 1,10,000 మీద 1,650, మీకొచ్చే పాయింట్ల విలువేమో 1,466. నష్టమే. కానీ మీ రుసుము మాఫీకి 3 లక్షలు దాటాలి, ఇంటి ఖర్చు ద్వారా అయ్యేది 2,40,000. అందుకని 60 వేలకి కాస్త పైన ఫీజు మాత్రం కార్డు మీద కట్టి, మిగతాది యూపీఐలో కట్టేయండి. 900 చిల్లర పోతుంది, జీఎస్టీతో కలిపి 2,950 మాఫీ అవుతుంది. స్కూలు అదనంగా ఏమీ అడగకపోతే నిక్షేపంగా మొత్తం కార్డు మీదే కట్టుకోవచ్చు.

తోటికోడలి బంగారం మాటకొద్దాం. వద్దు. సొంతవాళ్లతో ఈ మాట చెప్పడం కష్టమని తెలుసు, అందుకే మొహమాటపడకుండా చెప్పడానికి కారణాలిస్తున్నాను. ఒకటి, బిల్లు మీ పేరు మీద వస్తుంది, ఆవిడ డబ్బు పది రోజులు ఆలస్యమైతే వడ్డీ మీది, సిబిల్ స్కోరు దెబ్బతినేది మీది. రెండు, ఒక ఆర్థిక సంవత్సరంలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటినా, నగదుగా లక్ష దాటి కట్టినా ఆ వివరం బ్యాంకు నుంచి ఆదాయపన్ను శాఖకి వెళ్తుంది. రేపు ఈ ఖర్చు ఎవరిదని అడిగితే తోటికోడలిదని చెప్పుకోవాల్సింది మీరే. మూడు, నగల దుకాణాల్లో కార్డుకి అదనంగా అడిగేవాళ్లూ ఉన్నారు, బంగారం మీద పాయింట్లు ఇవ్వని కార్డులూ ఉన్నాయి. "బ్యాంకువాళ్లు ఒప్పుకోరట వదినా" అనేయండి. ఆ మాత్రం అబద్ధానికి పాపం రాదు.

ఆ సహోద్యోగి సింగపూర్ వెళ్లింది అబద్ధమని నేననను. కొందరికి వ్యాపారం ఖర్చంతా కార్డు మీద నడుస్తుంది, కొత్త కార్డు తీసుకున్నందుకు ఒక్కసారి ఇచ్చే స్వాగత పాయింట్లు ఉంటాయి, వాటిని విమానసంస్థ మైళ్లుగా మార్చుకుంటారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ల క్రిస్‌ఫ్లయర్‌కి, ఎయిరిండియా వాళ్ల మహారాజా క్లబ్‌కి కొన్ని ఖరీదైన కార్డుల పాయింట్లు అలా వెళ్తాయి. ఆ మైళ్లతో పెద్ద తరగతి సీటు దొరికినప్పుడు పాయింటు రూపాయి దాటి పలుకుతుంది, ఆ ఆనందం నిజమే. కానీ ఒకసారి మైళ్లుగా మారాక వెనక్కి తెచ్చుకోలేం, కావలసిన తేదీకి సీటు ఉంటుందన్న భరోసా లేదు, నలుగురికి ఒకే విమానంలో అసలే కష్టం. "ఫ్రీ" టికెట్ మీద కూడా పన్నులు, విమానాశ్రయ రుసుములు చేతి నుంచి పడతాయి. మన ఊరి నుంచి సింగపూర్‌కి నేరుగా వెళ్లే స్కూట్ విమానానికి ఆ మైళ్లు వాడుకోవచ్చు గానీ, సింగపూర్ ఎయిర్‌లైన్స్ సొంత సీట్ల మీద వచ్చినంత విలువ రాదు. ఆ పైన వీసాలు, హోటల్, తిండి. అక్కడ మామూలు కార్డు గీకితే 3.5 శాతం మారకపు రుసుము, జీఎస్టీతో 4.13 శాతం. 60 వేలు ఖర్చు పెడితే 2,478 దానికే సమర్పయామి. ఎప్పుడైనా వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. దుకాణంలో మెషీన్ మీద రూపాయల్లో కడతారా, డాలర్లలోనా అని అడిగితే వాళ్ల డాలరే నొక్కండి. రూపాయల్లో అంటే ఇంకో మారకం రేటు నెత్తిన రుద్దుతారు.

మూడు కార్డులు అసలే వద్దు. మీ ఖర్చు పెరగదు, మూడు ముక్కలవుతుంది. ఏ కార్డు మీదా మాఫీ గీత దాటదు. విమానాశ్రయంలో లాంజ్ ఉచితమని మాల్‌లో బల్ల వేసుక్కూర్చున్న కుర్రాడు చెబుతాడు. ఇప్పుడు చాలా కార్డుల్లో గడిచిన మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే లాంజ్ తలుపు తెరుచుకుంటుంది. లాంజ్ ఉప్మా కోసం అవసరం లేని ఖర్చు పెట్టిన బంధువులు నాకున్నారు, అందుకే చెబుతున్నాను. ఇప్పటికే ఏదైనా మూలపడ్డ కార్డుంటే మూసేయమని రాసివ్వండి. బకాయి లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున బ్యాంకే మీకివ్వాలి.

ఒక్క కార్డు గురించి మాత్రం మీ ప్రయాణాలు చూసి ఆలోచించొచ్చు. ఎస్బీఐ వాళ్ల ఐఆర్‌సీటీసీ కార్డు. ఏసీ తరగతుల టికెట్లు ఐఆర్‌సీటీసీలో కొంటే 10 శాతం దాకా పాయింట్లు ఇస్తుంది, పాయింటు సరిగ్గా రూపాయి, మళ్లీ రైలు టికెట్లకే వాడుకోవాలి. వినడానికి బంగారంలా ఉంది. కానీ మీరు పుట్టింటికి రత్నాచల్‌లో సెకండ్ సిట్టింగ్‌లో వెళ్లొచ్చేవాళ్లయితే ఆ పది శాతం రాదు, స్లీపర్‌కీ రాదు. ఏడాదికి 30 వేలకి తక్కువ కాకుండా ఏసీ టికెట్లు కొనే ఇల్లయితేనే తీసుకోండి.

మామూలు కార్డుతో రైలు టికెట్ కొంటే ఏమవుతుందో చాలామంది చూసుకోరు. ఐఆర్‌సీటీసీ ఏసీ టికెట్‌కి కార్డుతో కడితే 30 రూపాయలు, యూపీఐతో అయితే 20 సర్వీస్ రుసుము తీసుకుంటుంది. క్రెడిట్ కార్డుకి ఆ పైన పేమెంట్ గేట్‌వే ఛార్జీ దాదాపు ఒక శాతం. 8 వేల టికెట్ మీద 80, దాని మీద జీఎస్టీ. మీకొచ్చేవి 213 పాయింట్లు, అంటే 106 రూపాయలు. ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇచ్చేయడమే. రైలుకి యూపీఐ వాడండి, బుర్ర చల్లగా ఉంటుంది.

ఇప్పుడు ఆ 18,400 ఏం చేయాలో చెబుతాను. పిల్లల విమానం సరదా వీటితో తీర్చండి, కానీ దసరాకి కాదు. అర్ధ రూపాయి ఎప్పుడూ అర్ధ రూపాయే. దసరాలో విమానం ధర రెట్టింపయితే మీ పాయింట్లు సగం టికెట్‌కే వస్తాయి. పండగలు లేని నెలలో ఒక రెండో శనివారం చూసి వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి ఒకవైపు మాత్రమే కొనండి. గంటా పావు ప్రయాణం, పిల్లలకి మబ్బులు కనబడాలి, అంతేగా. వచ్చేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి పొద్దున్నే దిగొచ్చు, లేదా వందే భారత్. 9,200లో నాలుగు టికెట్లూ పూర్తిగా రాకపోవచ్చు. చాలా బ్యాంకులు టికెట్ ధరలో సగమో, డెబ్బై శాతమో దాకానే పాయింట్లు తీసుకుంటాయి, మిగతాది కార్డు మీద కట్టాలి. ఇంకో సంగతి. బ్యాంకు వాళ్ల ట్రావెల్ పేజీలో ధర చూసి, అదే విమానం ధర విమానసంస్థ సైట్‌లోనూ చూడండి. అక్కడ 4,300, ఇక్కడ 4,900 ఉంటే మీ అర్ధ రూపాయిలో కొంత అప్పుడే కరిగిపోయినట్టు.

ఈ బ్యాంకు పేజీల్లో కొన్న టికెట్ రద్దయితే ఏమవుతుందో నా ఒంటి మీద పడింది. ఒక తుపాను వారంలో చెన్నై వెళ్లాలి, సగం పాయింట్లు, సగం డబ్బుతో కొన్నాను. వాన చూస్తే కంచరపాలెం రోడ్డు మీద నీళ్లు నడుముదాకా. విమానం రద్దయింది. విమానసంస్థకి ఫోన్ చేస్తే కొన్నచోట అడగమన్నారు, కొన్నచోట అడిగితే బ్యాంకుని అడగమన్నారు, బ్యాంకులో కూర్చున్న అమ్మాయి "సార్, మీ రిక్వెస్ట్ ప్రాసెస్‌లో ఉంది" అని మూడు వారాలు చెప్పింది. డబ్బు పది రోజులకి వచ్చింది. పాయింట్లు రెండో నెలలో వచ్చాయి, అప్పటికి వాటిలో సగానికి దగ్గరగా గడువు దాటిపోయి వచ్చీరాగానే మాయమయ్యాయి. అడిగితే నిబంధన అన్నారు. అందుకే తప్పనిసరి ప్రయాణాలకి, పెళ్లిళ్లకి, ఆసుపత్రి పనులకి పాయింట్ల టికెట్ కొనను. అక్టోబరు, నవంబరుల్లో మన తీరంలో అసలే కొనను. సరదా ప్రయాణాలకి మాత్రమే.

కాశీ మాత్రం పాయింట్లతో ముడిపెట్టకండి. అక్కడ ఆదా వేరే చోట ఉంది. విశాఖ నుంచి బెనారస్‌కి నేరుగా రైలుంది, రోజు దాటిన ప్రయాణం. అత్తగారికి విమానం మార్పులు, విమానాశ్రయంలో నడకల కన్నా పడుకుని వెళ్లడమే హాయి. బసకి హోటల్ పాయింట్ల గొడవ లేకుండా మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది. తెలుగువాళ్లు ఏనాటి నుంచో దిగే చోటు, ఘాట్‌కి నడిచి వెళ్లొచ్చు, మన భాష మాట్లాడేవాళ్లుంటారు. ముందే మాట్లాడుకుని వెళ్లండి. ఒక్క రాత్రి హోటల్ ఖర్చు తప్పినా మీ మూడు నెలల పాయింట్లకన్నా ఎక్కువ మిగులుతుంది. కార్తీక పౌర్ణమికి మాత్రం వద్దు. ఆ రోజు దేవ దీపావళికి ఊరంతా ఘాట్ల మీదే ఉంటుంది, పడవ ధరలు ఆకాశంలో ఉంటాయి, అత్తగారిని ఆ జనంలో నడిపించలేరు.

దసరాకే వెళ్లాలనుకుంటే రిజర్వేషన్ విషయంలో జాగ్రత్త. 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాత 120 రోజుల లెక్కలో ఉండి నిద్రపోకండి, తొందరపడి ఇప్పుడే వెతికి లేదనుకోకండి. అరవయ్యో రోజు పొద్దున ఎనిమిదింటికి ఐఆర్‌సీటీసీలో కూర్చోవాలి. పేర్లు, వయసులు ముందు రోజే మాస్టర్ లిస్టులో ఎక్కించి ఉంచండి. వృద్ధుల టికెట్ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, అది అడిగి లాభం లేదు. కానీ 45 దాటిన ఆడవాళ్లకి కింది బెర్తు కోటా ఉంది. అత్తగారి వయసు ఆధార్‌లో ఉన్నట్టే వేయండి, ఆవిడ చెప్పే వయసు కాదు. ఆ కోటాలో ఒక్కరికో ఇద్దరికో మాత్రమే ఒక టికెట్ మీద ఇస్తారు కాబట్టి అత్తగారిది విడిగా కొని, మీ నలుగురిదీ అదే బోగీలో దొరికేలా వెంటనే కొనండి. రెండు ఫోన్లు పెట్టుకుని, ఒకటి మీరు, ఒకటి మీవారు.